అప్పు తీరేదాకా ఇల్లు ముగ్గులోనే

కుట్టు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. కొలత జాకెట్టు చేతిలో లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టవద్దు. ఇరవై ఏళ్లుగా మిషను తొక్కుతూ ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. డబ్బు దగ్గర మాత్రం కొలతా లేదు, టేపూ లేదు. ఏ నెలకు ఆ నెల చేతికందిన చోట కత్తిరించుకుంటూ పోయాం.

మాది విజయవాడ, పటమటలో అద్దె ఇల్లు. మావారు ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని చేస్తారు. అత్తయ్య మాతోనే ఉంటారు. పిల్లలిద్దరు. మామయ్య వదిలి వెళ్లిన చిన్న స్థలంలో ఇల్లు కట్టుకోవాలన్నది మా కోరిక, అడ్డం అప్పులు. 2021 జూన్‌లో ఒక రాత్రి కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకం చివరి పేజీలో మా అప్పులన్నీ వరుసగా రాశాను. ప్రామిసరీ నోటు మీద లక్షన్నర, నూటికి రెండు రూపాయల వడ్డీ. బంగారం తాకట్టు మీద 1,20,000, నూటికి రూపాయి. మావారి క్రెడిట్ కార్డు మీద 64,000. డ్వాక్రా సంఘంలో ఇంకా కట్టాల్సింది 40,000. ఫ్రిజ్ వాయిదాలు మిగిలినవి 9,000. కూడితే 3,83,000.

ఆ అంకె చూసి భయపడ్డాను కానీ, నన్ను కూర్చోబెట్టింది దాని కింద రాసిన అంకె. నోటుకు నెలకు 3,000, బంగారానికి 1,200, కార్డుకు సుమారు 2,240. మొత్తం 6,440 రూపాయలు వడ్డీకే పోతోంది. అప్పుడు మా ఇంటి అద్దె 6,500. అంటే మేము రెండు ఇళ్లకు అద్దె కడుతున్నాం, ఉంటున్నది ఒక ఇంట్లో. ఆ రెండో ఇల్లు ఎక్కడుందో వెతకడమే పని అనుకున్నాను.

మీరూ అదే చేయండి. అప్పు మొత్తం కంటే ముందు నెలకు పోయే వడ్డీని రాయండి. మన ఊళ్లలో బయటి అప్పుల వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు, బ్యాంకు వాళ్లు ఏడాదికి శాతంలో చెబుతారు, కార్డు వాళ్లు నెలకు శాతంలో చెబుతారు. మూడూ మూడు రకాల గజకర్రలు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. కార్డు మీద నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం. నోటు మీద అప్పిచ్చిన పెద్దాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చామని సిగ్గుపడేవాళ్లం, కార్డు జేబులో ఉన్నందుకు మాత్రం గర్వపడేవాళ్లం. శాతాలు పక్కపక్కన రాసుకునేదాకా ఆ తేడా తెలియలేదు.

కార్డుకు బంగారం అడ్డం వేశాను

ముందు తీయాల్సింది పెద్ద అప్పు కాదు, ఖరీదైన అప్పు. మా దగ్గర కార్డే అది. అత్తయ్య ఆపరేషన్ అప్పుడు కార్డుతో ఏటీఎంలో నగదు తీశాం. కార్డుతో సామాను కొంటే గడువు దాకా వడ్డీ ఉండదు. నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైన రుసుము. ఆ సంగతి మాకు తెలియదు. కనీస మొత్తం కడితే చాలన్న వాక్యాన్ని నమ్మి, నెలనెలా అదే కట్టాం. అలా కట్టినంత కాలం కొత్తగా కొన్న వాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుందనీ తెలియదు.

నా ఒంటి మీద మిగిలింది రెండు జతల గాజులు. అవి కూడా తాకట్టు పెట్టి 64,000 తెచ్చి కార్డు మూసేశాను. వీధిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నెలకు 2,240 వడ్డీ ఉన్నచోట 640 అయింది. అంటే నెలకు 1,600 మిగులు, పూట భోజనం మానకుండానే. అయితే ఒక షరతు ఉంది. కార్డు కట్టేసి మళ్లీ గీకితే రెండు అప్పులవుతాయి. మేము కార్డు రద్దు చేయించి, బాకీ లేదన్న ఉత్తరం తీసుకుని, బీరువాలో స్థలం కాగితాల పక్కన పెట్టాం.

అంతకు ముందు వసూళ్ల కుర్రాడు ఒకతను 40,000 కడితే వదిలేస్తామని ఫోను చేశాడు. నాకు ఆశ పుట్టింది. 24,000 మిగులుతుంది కదా. మా పిన్ని కొడుకు బ్యాంకులో గుమాస్తా, వాడు వద్దన్నాడు. "అక్కా, అలా కడితే సిబిల్ నివేదికలో 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కడితే 'క్లోజ్డ్' అని పడుతుంది. రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు మేనేజరు మొదట చూసేది ఆ మాటే" అన్నాడు. సిబిల్ అంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో రాసి ఉంచే సంస్థ, అది ఇచ్చే స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఆ నివేదికను ఏడాదికి ఒకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇల్లు కట్టాలనుకునే ప్రతివాళ్లూ ఆ పని ఈ వారమే చేయండి. తప్పులుంటే సరిచేయించడానికి సమయం పడుతుంది.

వంటింట్లో ఎంత మిగులుతుంది

నిజం చెప్పాలంటే అంత ఎక్కువేమీ కాదు. పొదుపు గురించి రాసేవాళ్లు టీ మానేస్తే ఇల్లు వస్తుందన్నట్టు రాస్తారు. మావారి జీతం 24,000. నా కుట్టు సగటున 10,000. అద్దె 6,500, పిల్లల ఫీజులు నెలకు లెక్కేస్తే 2,500, వడ్డీలు 6,440, డ్వాక్రా 2,000, ఫ్రిజ్ 1,500, ఇల్లు గడవడానికి 15,700. కూడి చూడండి, 34,640. ప్రతి నెలా 640 తక్కువ. ఆ తక్కువే కార్డు మీద పడుతూ వచ్చింది. మేము దుబారా మనుషులం కాము, 640 రూపాయల మనుషులం.

ఒక నెలంతా ప్రతి ఖర్చూ రాశాక ఎక్కడ కత్తిరించవచ్చో కనిపించింది. మావారు ఆటోనగర్‌లో టిఫినుకు, టీలకు రోజుకు డెబ్బై ఖర్చు పెట్టేవారు. పొద్దున్నే బాక్సు కట్టిస్తే నెలకు 1,200 తగ్గింది. టీ మానమని నేను అడగలేదు. లేతు దగ్గర నిలబడి పనిచేసే మనిషికి పదకొండు గంటల టీ మాన్పిస్తే మిగిలేది డబ్బు కాదు, గొడవ.

అన్నిటికంటే నొప్పి లేకుండా మిగిలింది అత్తయ్య మందుల దగ్గర. బీపీకి, చక్కెరకు నెలకు 1,150 అయ్యేది. డాక్టరు గారినే అడిగి కంపెనీ పేరు బదులు మందు పేరు, మోతాదు రాయించుకుని జన ఔషధి దుకాణంలో కొంటే 380 అయింది. మనంతట మనం మార్చుకోకూడదు, డాక్టరుకు చెప్పే మార్చాలి. కూరగాయలు వారానికి రెండుసార్లు రైతు బజారులో, బోర్డు మీద ధర చూసి కొంటే ఐదు వందల దాకా తేడా వచ్చింది. కేబులు, ఫోను ప్యాకులు కలిపి 350. ప్రతి ఆదివారం బయటి నుంచి తెచ్చే బిర్యానీ నెలకు ఒకసారి చేస్తే 400. మొత్తం 3,200 పైచిలుకు.

ఏడాది సరుకులు కొనడం మా అమ్మ అలవాటు. కొత్త మిరపకాయలు, కొత్త చింతపండు వచ్చే ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య కొనుక్కుంటే మిగతా ఏడాది చిల్లర ధరల జోలికి పోనక్కర్లేదు. ఇందులో నేను చేసిన తప్పు కూడా చెబుతాను. చవకగా వచ్చిందని కందిపప్పు పది కిలోలు కొని ఎండబెట్టకుండా డబ్బాలో పోశాను. వానాకాలానికి పురుగు పట్టింది. మిరపకాయ, చింతపండు ఏడాదికి కొనండి, పప్పు నెలకే కొనండి. బియ్యం మాత్రం బస్తానే తెస్తాం. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశాక కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించడం మొదలైంది. ఆ ఒక్క కిలో ఎందుకు ఎక్కువో మా చిన్నవాడికి వివరించడానికి నాకు ఒక పూట పట్టింది.

వేసవిలో రెండు సీలింగు ఫ్యాన్లు పాడైతే బీఎల్‌డీసీ రకం తెచ్చాం. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే ఇది 30 వాట్ల లోపు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీద నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. బాగున్న ఫ్యాన్లు తీసేసి మరీ వీటిని కొనకండి, పాడైనప్పుడు కొనండి.

కుట్టుపని లాంటి హెచ్చుతగ్గుల ఆదాయం ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఆషాఢంలో, మూఢంలో నాకు ఆరు వేలు రావడమే కష్టం. శ్రావణంలో, మాఘంలో పదిహేను వేలు దాటుతుంది. ఎక్కువ వచ్చిన నెలలో పది వేలకు పైనున్నది వేరే ఖాతాలో పెట్టి, తక్కువ నెలలో దాన్నే తీసుకునేదాన్ని. గుడ్డ ఇచ్చినప్పుడే సగం మజూరీ తీసుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు అలిగి వెళ్లిపోయారు. నా పుస్తకంలో పాత బాకీలన్నీ వాళ్లవే.

నోటు మీద పాతిక వేలు

640 తక్కువ పడే చోట ఖర్చులో 3,200, కార్డు వడ్డీలో 1,600 కలిసి వస్తే నెలకు 4,160 చేతిలో మిగిలింది. ఇక గురి రెండు రూపాయల నోటు మీద పెట్టాం. నోటు మీద డబ్బిచ్చిన పెద్దాయన నెలకు నాలుగు వేలు పట్టుకెళ్తే తీసుకోనన్నారు. "అసలు తెస్తే గట్టిగా తే అమ్మా, చిల్లరగా వద్దు" అన్నారు. పాతిక వేల చొప్పున ఆరుసార్లు ఇస్తానని ఒప్పించాను. అడగకుండా ఊరుకుంటే వడ్డీ కడుతూనే ముసలివాళ్లమయ్యేవాళ్లం.

మొదటి పాతిక వేలు పోగు కావడానికి ఆరు నెలలు పట్టింది. అది ఇవ్వగానే నెల వడ్డీ 500 తగ్గింది. ఆ 500 మిగులులో కలిపాను. ఫ్రిజ్ వాయిదాలు అయిపోతే ఆ 1,500 కూడా అందులోకే. రెండో పాతిక వేలకు నాలుగు నెలలే పట్టింది. డ్వాక్రా తీరాక 2,000 కలిసింది. చివరి పాతిక వేలకు రెండున్నర నెలలు. 2023 మే నాటికి నోటు తీరింది. కిటుకంతా తీరిన వాయిదాను ఇంటి ఖర్చులో కలవనివ్వకపోవడంలోనే ఉంది. ఫ్రిజ్ బాకీ తీరిన నెలలో మావారు వాషింగ్ మిషను మాట ఎత్తారు. వారం రోజులు మాట్లాడుకోలేదు మేము.

నోటు మీద అప్పు తీర్చేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనుక తేదీతో చెల్లు రాయించండి, దాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి. మొత్తం తీరిన రోజు నోటు కాగితం చేతికి తీసుకుని చింపేయండి. ఎంత మంచివాళ్లైనా సరే. మనిషి మంచివాడే, రేపు ఆయన కొడుకులు ఎలాంటివాళ్లో మనకు తెలియదు.

బంగారం సంగతి. అన్నీ ఒకే తాకట్టుగా పెట్టవద్దు, ఏ వస్తువుకు ఆ వస్తువు వేరే రశీదు అడగండి. మావి మూడు రశీదులు కాబట్టి ముందు గాజులు, తర్వాత గొలుసు, చివర హారం విడిపించుకోగలిగాం. ఏడాది చివర వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే, మేమూ మూడేళ్లు చేశాం. మధ్యలో బంగారం ధర పెరుగుతుంటే, అదే వస్తువు మీద ఇంకో యాభై వేలు వస్తాయని ఫోన్లు వస్తాయి. అది మన బంగారం పెరిగిందన్న శుభవార్తలా వినిపిస్తుంది. ఫోను పెట్టేయండి. 2024 దీపావళికి ముందు వారం హారం ఇంటికొచ్చింది.

ఇంకొకటి, ఆలస్యంగా తెలిసినది. ఆ లక్షన్నర నోటు అత్తయ్య ఆపరేషన్ కోసం రాసింది. తెల్ల కార్డు ఉన్న ఇళ్లకు 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆ పథకం కింద లేని ఆసుపత్రికి కంగారులో వెళ్లి చేరాం. ఇప్పుడు మా ఇంటి తలుపు వెనుక దగ్గరలో పథకం వర్తించే ఆసుపత్రుల పేర్లు అంటించి ఉన్నాయి. అప్పు తీర్చడం కంటే రాకుండా చూసుకోవడం చవక.

ఈలోగా ఇల్లు

మా మామయ్య కంకిపాడు దగ్గర మూడు సెంట్ల స్థలం వదిలి వెళ్లారు. సెంటంటే 48.4 గజాలు, మూడు సెంట్లంటే 145 గజాలు. మాది ముప్పై అడుగుల వెడల్పు, నలభై మూడున్నర పొడవు. అప్పులు తీరేదాకా ఇల్లు ఊసే ఎత్తవద్దని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. అప్పులు ఎందుకు తీరుస్తున్నామో కళ్ల ముందు లేకపోతే రెండో ఏడాది బిర్యానీ మళ్లీ వారం వారం వస్తుంది. ఇల్లు గురించి మాట్లాడండి, గీయండి, కొలవండి. డబ్బు మాత్రం పెట్టవద్దు. ఇటుక చవకగా వస్తోందని ముందే దింపించుకున్నవాళ్ల ఇటుకలు గడ్డిలో నానుతుండడం చాలా చూశాను.

డబ్బు అంతగా అక్కర్లేని పనుల్లో మొదటిది కాగితాలు. మామయ్య వీలునామా రాయలేదు. కాబట్టి అత్తయ్యకు, మావారికి, మా ఆడపడుచుకు సమానంగా హక్కు ఉంది. వారసుల ధ్రువపత్రం తెచ్చి, ఆడపడుచుతో, అత్తయ్యతో మాట్లాడి, వాళ్ల వాటా మావారికి వదిలేస్తున్నట్టు హక్కు విడుదల దస్తావేజు రిజిస్ట్రేషన్ చేయించాం. పునాది తవ్వాక అడిగితే ఆ సంతకం అంత సులువుగా రాదు. తర్వాత స్థలం మీద తాకట్లు, అమ్మకాలు ఏమైనా నమోదయ్యాయో చూపే ఈసీ తీయించాం. బ్యాంకు ఇవన్నీ అడుగుతుంది, ఏడాది ముందే సిద్ధంగా ఉంటే ఇబ్బంది ఉండదు.

రెండోది ముగ్గు. మొదట మేము అనుకున్నది రెండంతస్తులు, 1,800 చదరపు అడుగులు. ఇద్దరు మేస్త్రీలను అడిగితే అడుగుకు 1,900 దాకా చెప్పారు. 34,20,000. నా గుండె ఆగింది. అప్పుడు ఒక ఆదివారం నాలుగు మేకులు, పురికొస, ముగ్గు పిండి రెండు కిలోలు, నా టేపు పట్టుకుని అందరం స్థలానికి వెళ్లాం. కాగితం మీది ఇంటిని నేల మీద అసలు కొలతలతో గీశాం.

మూలలు సరిగ్గా రావడానికి చిన్న ఉపాయం ఉంది. మూల దగ్గర నుంచి ఒక తాడు మీద మూడు అడుగులు, రెండో తాడు మీద నాలుగు అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా ఐదు అడుగులు వస్తే మూలమట్టం కుదిరినట్టు. రాకపోతే తాడు జరపండి. గోడలు తొమ్మిది అంగుళాలైతే తొమ్మిది అంగుళాల పట్టీగానే గీయండి, ఒక్క గీత గీస్తే గదులు పెద్దవిగా కనిపించి మోసం చేస్తాయి.

తర్వాత ముగ్గులో కాపురం చేయండి. మేము మడత మంచం, ఖాళీ సిలిండరు పట్టుకెళ్లాం. పడకగదిలో మంచం వేసి తలుపు తెరిచినట్టు నటిస్తే తలుపు మంచానికి తగిలింది. ఆరడుగుల వంటింట్లో నేను, అత్తయ్య ఒకేసారి నిలబడలేకపోయాం, ఎనిమిది అడుగులు చేశాం. మెట్లు లోపల పెడితే దాదాపు వంద అడుగుల చోటు తింటున్నాయి, బయటికి నెట్టాం. పూజగది గోడలో గూడైంది. పై అంతస్తు పూర్తిగా పోయింది. అయితే పునాదులు, స్తంభాలు రేపు పైన వేసుకోగలిగేలా ఇంజనీరుతో గీయించమని మాత్రం చెబుతాను. అది తర్వాత సరిదిద్దుకోలేని పని. వంటింటి గోడ, స్నానాలగది గోడ ఒకటే అయ్యేలా పెట్టుకుంటే గొట్టాల పని తగ్గుతుంది.

ఇలా మూడు ఆదివారాల్లో ఇల్లు 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుకు వచ్చింది. 720 చదరపు అడుగులు, 13,68,000. ముప్పై అడుగుల పొడవున్న ఇంటికి వెడల్పు ఒక్క అడుగు పెంచితే 57,000 పెరుగుతుంది. అంటే పెద్దాయనకు రెండుసార్లు కట్టిన పాతిక వేల కంటే ఎక్కువ. ఆ లెక్క చెప్పాక మావారు హాలు పెద్దది కావాలని అడగడం మానేశారు. వాస్తు కూడా ముగ్గులోనే చూపించాం. కాలితో చెరిపి గోడ జరపడానికి ఖర్చేముంది.

మూడోది వాయిదా సాధన. పది లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి తీసుకుంటే పదిహేనేళ్లకు నెలకు సుమారు 9,850, ఇరవై ఏళ్లకు 8,680. నెలకు తేడా 1,170 మాత్రమే, మొత్తం మీద చూస్తే ఇరవై ఏళ్లలో మూడు లక్షల పైన ఎక్కువ కడతాం. అందుకే బంగారం విడిపించిన మరుసటి నెల నుంచే పోస్టాఫీసులో నెలకు పది వేల రికరింగు డిపాజిట్ మొదలుపెట్టాం. అప్పు ఇంకా తీసుకోలేదు, వాయిదా మాత్రం కడుతున్నాం. మూఢం నెలలో కూడా అది కట్టగలిగితే ఆ అప్పు మోయగలమని తెలుస్తుంది. కట్టలేకపోతే ఇల్లు ఇంకా కొంచెం చిన్నది చేయాలని తెలుస్తుంది. ఇల్లు మొదలయ్యాక అప్పు ఒకేసారి చేతికి రాదు, పునాది, శ్లాబు అంటూ దశలవారీగా ఇస్తారు, అదీ మన వాటా ముందు ఖర్చయ్యాక. ఆ డిపాజిట్ సొమ్ము అందుకే. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును వ్యక్తులు ముందే తీర్చినా జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, శ్రావణమాసపు మిగులు అటు పంపవచ్చు.

పోయిన వానకు ముగ్గు మొత్తం కొట్టుకుపోయింది. మేకులు మాత్రం ఉన్నాయి. అత్తయ్య నిన్న తులసికోట ఎక్కడ పెడుతున్నారని అడిగారు. ముగ్గురం మొహాలు చూసుకున్నాం, అది ఏ కాగితంలోనూ లేదు. వచ్చే ఆదివారం మళ్లీ టేపు పట్టుకుని వెళ్తున్నాం.